పలెర్మో నుంచి మజారా దాకా: మన డబ్బు ఎవరి చేతికి పోతోందో చూసుకుంటూ

ఇటలీ దీవి సిసిలీ పడమటి భాగంలో తిండిని, కళను, మాఫియాను వేరుచేసి చూడడం కుదరదు. నిమ్మతోటల కాపలాతో వేళ్లూనుకున్న దందా ఆ తర్వాత ఊరి రూపురేఖలనే మార్చేసింది, మందిరంలోని బొమ్మను కోసుకుపోయింది, రొట్టెలు అమ్ముకునేవాడి గల్లాపెట్టెలో చెయ్యి పెట్టింది. దానికి ఎదురు తిరిగినవాళ్లూ ఈ నేల మీది మనుషులే: రైతు సంఘాలవాళ్లు, దుకాణదార్లు, ఫొటోగ్రాఫర్లు, జడ్జీలు. ఈ ఆరు రోజుల దారి వాళ్ల జాడల్లో సాగుతుంది. ప్రతి మజిలీలోనూ మన చేతిలోని యూరో ఎవరి చేతికి వెళ్తోందో ఒకసారి చూసుకుంటే చాలు.

వెళ్లడానికి మార్చి నుంచి మే దాకా, మళ్లీ అక్టోబరు, నవంబరు మంచి కాలం. ఆగస్టులో ఎండ మాడ్చేస్తుంది, పైగా నెల మధ్యలో చాలా కొట్లు మూసేస్తారు. మొదటి నాలుగు రోజులూ పలెర్మో పాతబస్తీలో బస చేయండి, కారు మాత్రం తీసుకోవద్దు. పాతబస్తీలో చాలా భాగంలోకి పాసు లేని వాహనాలకు ప్రవేశం లేదు. కెమెరా నంబరు ప్లేటును పట్టేస్తుంది, జరిమానా నెలల తర్వాత అద్దె కారు కంపెనీ ద్వారా మీ కార్డు మీద పడుతుంది. కారు ఐదో రోజు పొద్దున తీసుకుంటే సరిపోతుంది. చర్చిలు, మందిరాలు మధ్యాహ్నం మూసేవే ఎక్కువ. కళకు పొద్దుటిపూట కేటాయించి, తిండికి, నడకకు మిగతా పూట ఉంచుకోండి.

మొదటి రోజు: విమానాశ్రయం, చీనిసి, కపాచి

విమానం దిగే పుంతా రైసీ విమానాశ్రయానికి మాఫియా మీద విచారణలు నడిపి దాని చేతిలోనే చనిపోయిన జొవాన్ని ఫాల్కొనే, పావొలో బొర్సెల్లీనో అనే ఇద్దరు జడ్జీల పేరు పెట్టారు. దిగగానే పలెర్మో బస్సెక్కకండి. సగం రోజుకు టాక్సీ మాట్లాడుకుని చీనిసి, కపాచి చూసుకుంటూ ఊరికి చేరండి. మొత్తం ఎంతో ఎక్కకముందే తేల్చుకోవాలి, మీటరు మీద వదిలేస్తే ఆగిన ప్రతిచోటా అది తిరుగుతూనే ఉంటుంది.

చీనిసి విమానాశ్రయం పక్కనే ఉంది. రన్‌వేల కోసం భూములు పోగొట్టుకున్నవాళ్లు ఈ ఊరి రైతులే. ఇక్కడి మాఫియా పెద్ద గయెతానో బదలమెంతి. హెరాయిన్ వ్యాపారానికి విమానాశ్రయం ఇంటి గుమ్మంలో ఉండడం అతనికి కలిసొచ్చింది. అతని ఇంటికి నూరడుగుల దూరంలో, అదే వీధిలో, మాఫియాతో చుట్టరికం ఉన్న కుటుంబంలోనే పెప్పీనో ఇంపాస్తాతో 1948లో పుట్టాడు. 1977లో రేడియో ఆవుత్ అనే చిన్న స్టేషన్ పెట్టి, బదలమెంతిని పేరు మార్చి, మైకు ముందు ఎగతాళి చేశాడు. 1978 మే 9 తెల్లవారేసరికి అతని శరీరం రైలు పట్టాల మీద పేలుడు పదార్థంతో ఛిద్రమై కనిపించింది. బాంబు పెట్టబోయి తానే పోయాడని పోలీసులు రాసుకున్నారు. అదే రోజు రోమ్‌లో మాజీ ప్రధాని ఆల్దో మోరో శవం దొరకడంతో ఈ వార్త ఎవరికీ పట్టలేదు. తల్లి ఫెలీచా, తమ్ముడు, స్నేహితులు పట్టువదలకుండా పోరాడితే 2002లో బదలమెంతికి యావజ్జీవ శిక్ష పడింది. పెప్పీనో ఇల్లు ఇప్పుడు స్మారక గృహం. జప్తు చేసిన బదలమెంతి ఇల్లు కూడా ప్రజల వాడకంలోకే వచ్చింది. రెండిళ్ల మధ్యా ఒకసారి నడిచి చూడండి. ఎంత దగ్గర నుంచి ఎదిరించాడో పాదాలకు తెలుస్తుంది.

మధ్యాహ్నానికి ఇక్కడి కచ్చొకవాల్లో పలెర్మితానో చీజ్ కొనుక్కోండి. చీనిసారా అనే నల్లావుల పాలతో, ఇటుకల్లాంటి పెద్ద దిమ్మెలుగా చేస్తారు. లేతది మెత్తగా తియ్యగా ఉంటుంది, నెలల తరబడి ముదిరితే కారంగా ఘాటెక్కుతుంది. ముక్క కోసి రుచి చూపమంటే ఎవరూ కాదనరు.

కపాచి దగ్గర ఏ29 మోటార్‌వేకి రెండువైపులా ఎర్రటి స్తంభాలు, వాటి మీద పేర్లు కనిపిస్తాయి. అక్కడ ఆగడం ప్రమాదం, నేరం కూడా. కింది రోడ్డు నుంచి స్మృతివనానికి వెళ్లాలి. 1992 మే 23 సాయంత్రం ఆరు కావస్తుండగా, రోడ్డు కింది కల్వర్టులో దాచిన సుమారు 500 కిలోల పేలుడు పదార్థాన్ని గుట్ట మీది నుంచి రిమోట్‌తో పేల్చారు. పదమూడు డబ్బాలను స్కేట్‌బోర్డు మీద పడుకుని ఆ ఇరుకు గొట్టంలోకి తోశారని విచారణలో తేలింది. ఫాల్కొనే, ఆయన భార్య, తానూ జడ్జీ అయిన ఫ్రాంచెస్కా మొర్విల్లో, ముందు కారులోని అంగరక్షకులు అంతోనియో మొంతినారో, రొక్కో దిచీల్లో, వీతో స్కిఫాని చనిపోయారు. వనానికి పెట్టిన పేరు ఆ ముందు కారు వైర్‌లెస్ సంకేతం: క్వార్తో సవోనా క్వీందిచి. మీట నొక్కినవాళ్లు నక్కిన తెల్లటి గది గుట్ట మీద ఇంకా ఉంది, దాని గోడ మీద 'నో మాఫియా' అన్న రాత రోడ్డు మీదికి కనిపిస్తుంది.

రెండో రోజు: ఖాళీ అయిన బలిపీఠం

పొద్దున్నే సాన్ లొరెంజో ప్రార్థనా మందిరానికి వెళ్లండి. చిన్న సందులో, చిన్న ద్వారం వెనక ఉంటుంది. వెతికి కనుక్కోవాలి. లోపలికి అడుగుపెట్టగానే గోడల నిండా తెల్లటి గచ్చు శిల్పాలు: ఆడుకునే పిల్లలు, దానం చేసే స్త్రీలు, ఫ్రాన్సిస్, లారెన్స్ పునీతుల జీవిత ఘట్టాలు. చేసినవాడు జాకొమో సెర్పొత్తా, 1656లో పుట్టి 1732లో పోయాడు. పాలరాయి అనిపించేదంతా నిజానికి సున్నం. లోపల కర్ర, ఇనుప తీగ, గుడ్డలతో అస్థిపంజరం కట్టి, దాని మీద సున్నం ఇసుక కలిపిన ముద్దతో ఒళ్లు నింపేవాడు. ఆపైన మెత్తగా నూరిన పాలరాతి పొడి, సున్నం కలిపిన పలచటి పొర వేసి, అది ఆరీ ఆరకముందే నున్నగా రుద్దేవాడు. ఆ మెరుపు ఆ రుద్దుడులోంచే వచ్చింది. ఆలస్యమైతే పొర పగులుతుంది, తొందరపడితే వేలిముద్రలు పడతాయి. దగ్గరికెళ్లి ఏదైనా ఒక పిల్లవాడి మోకాలిని ఏటవాలు వెలుగులో చూడండి. పాలరాతిలో చెక్కిన వంపుకు ఆ మెత్తదనం రాదు.

ఇంత తెల్లదనం మధ్య బలిపీఠం మీద చీకటి రంగుల బొమ్మ: ఇటలీ చిత్రకారుడు కరవజ్జో గీసిన క్రీస్తు జననం. అయితే అది నకలు. అసలు బొమ్మను 1969 అక్టోబరు 17 రాత్రి దొంగలు ఫ్రేము నుంచి బ్లేడుతో కోసి చుట్టుకుపోయారు. దాదాపు రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల డెబ్భై ఎత్తు ఉన్న గుడ్డ అది. బిగువుగా కట్టిన పాత చిత్రాన్ని అంచుల్లో కోస్తే రంగు పొర అక్కడికక్కడే రాలుతుంది, లోపలివైపుకు చుడితే ఇంకా పగులుతుంది. కాబట్టి దొరికినా పూర్తిగా దొరకదు. ఎఫ్‌బీఐ ఇప్పటికీ దాన్ని ప్రపంచంలోని పది పెద్ద కళాచౌర్యాల్లో లెక్కేస్తుంది, విలువ 2 కోట్ల డాలర్లని రాస్తుంది.

ఏమైందన్నదానికి అప్రూవర్లుగా మారిన మాఫియా మనుషులు ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పారు. ఎవరూ కొనలేనంతగా పాడైతే తగలబెట్టామని ఒకడు. పశువుల కొట్టంలో దాస్తే ఎలుకలు, పందులు కొరికేశాయని 2009లో గస్పారె స్పతుజ్జా. అది బదలమెంతి చేతికొచ్చిందని, అతను స్విట్జర్లాండ్ వ్యాపారికి అమ్మేశాడని ఆ తర్వాత మరొకడు. పార్లమెంటు మాఫియా విచారణ సంఘం 2018లో ఈ చివరి కథను గట్టిగా పట్టుకుంది. అది నిజమైతే నిన్న చీనిసిలో చూసిన ఇంటి యజమానే ఈ బొమ్మను అమ్మేసినవాడు.

నకలును 2015 డిసెంబరు 12న పెట్టారు. దొంగతనానికి ముందు తీసిన ఒక కలర్ ట్రాన్స్‌పరెన్సీ, 1951 మరమ్మతు నాటి గాజు నెగటివ్‌లు, కరవజ్జో మిగతా చిత్రాల్లోని కుంచె పోకడలు, వీటి ఆధారంగా తయారుచేశారు. ఆవిష్కరణకు వచ్చిన దేశాధ్యక్షుడు సెర్జో మత్తరెల్లాది ఈ ఊరే. ఆయన అన్న, సిసిలీ ప్రాంతీయ అధ్యక్షుడు పియెర్సాంతి, 1980 జనవరి 6న ఇదే ఊళ్లో మాఫియా తూటాలకు బలయ్యాడు.

అక్కడి నుంచి సాన్ దొమెనికో చర్చికి నడక. సిసిలీ పెద్దల సమాధుల మధ్య ఫాల్కొనే సమాధి 2015 నుంచి ఇక్కడే ఉంది. వెనకవీధిలోని రొజారియో మందిరంలో బలిపీఠం మీద వాన్ డైక్ చిత్రం, గోడల మీద మళ్లీ సెర్పొత్తా. ఓపికుంటే పలాజ్జో అబతెల్లిస్ మ్యూజియం కూడా చూడండి. అంతొనెల్లో ద మెస్సీనా గీసిన నీలి ముసుగు మరియమ్మ అరచేయంత దూరంలో నిలబడి చూడగలిగేంత చిన్న పలక. అదే మ్యూజియంలో ఆరు మీటర్ల గోడంతా ఆక్రమించిన మృత్యు విజయం కుడ్యచిత్రం. దాన్ని చూడ్డానికి పై అంతస్తులో కిటికీలాంటి చోటు ఉంది, కింది నుంచి చూసి వచ్చేయకండి.

మూడో రోజు: బజారు, నిమ్మకాయ, మామూళ్లు

బల్లారో బజారుకు ఎనిమిదిన్నరకల్లా చేరాలి. ఒంటిగంట దాటితే చేపల బల్లలు కడిగేస్తారు. అరుపుల్లో ధరలు, పొగల్లో మేక పేగులు, ఇనుప గుండిగల్లో ఉడికిన ఆలుగడ్డలు. పలెర్మో వీధి తిండి చాలావరకు పేదవాడి లెక్కల మీద పుట్టింది: కసాయి కొట్టులో మిగిలింది, మిల్లులో చవగ్గా దొరికేది. పానీ కా మెవుసా అంటే ఆవు తిల్లి, ఊపిరితిత్తులు ఉడకబెట్టి, సన్నగా కోసి, పంది కొవ్వులో వేయించి, నువ్వుల బన్నులో పెట్టి ఇచ్చేది. నిమ్మరసం మాత్రమే పిండితే 'స్కియెత్తా', అంటే పెళ్లికానిది. రికొత్తా, చీజ్ చేరిస్తే 'మరితాతా', పెళ్లైనది.

మాంసం తిననివాళ్లకు ఇక్కడ ఆకలి ఉండదు, జాగ్రత్త మాత్రం కావాలి. స్ఫించోనె అనే మందపాటి ఉల్లిపాయ రొట్టెలో యాంకోవీ చేప కరిగిపోయి ఉంటుంది, కంటికి కనబడదు. కన్నోలో గొట్టాల పిండిలో పంది కొవ్వు వాడేవాళ్లు ఎక్కువ. గొర్రె పాల చీజ్‌ను జంతువు పొట్టలోని తోడుతోనే గట్టిపరుస్తారు. 'సెంజా కార్నె' అంటే మాంసం లేకుండా అనే అర్థం తీసుకుని చేప వేస్తారు. 'సెంజా పెషె, సెంజా స్త్రుత్తో' అని చేపను, పంది కొవ్వును విడిగా వద్దనాలి.

తెలుగువాడి నాలుకకు వెంటనే దగ్గరయ్యేది పనెల్లె. మన బజ్జీకి దూరపు చుట్టం, శనగపిండే ఇక్కడా మూలం. అర కిలో పిండికి లీటరున్నర నీళ్లు, రెండు టీ స్పూన్ల ఉప్పు, గుప్పెడు తరిగిన పార్స్లీ. పిండిని చన్నీళ్లలోనే కలపాలి. వేడినీళ్లు తగిలితే ఉండలు కట్టి, ఎంత చిలికినా విడిపోవు. జల్లెడలో వడగట్టి మధ్యస్థ మంట మీద పెట్టి, గిన్నె అడుగు గీకుతూ ఆపకుండా తిప్పాలి. ముద్ద గట్టిపడి గిన్నె అంచుల్ని వదిలేదాకా, అంటే దాదాపు అరగంట. ఇక్కడ తొందరపడితే పచ్చివాసన పోదు, నూనెలో వేయగానే ముక్క విచ్చిపోతుంది. దించిన వెంటనే నూనె రాసిన పలక మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన పరవాలి. రెండు నిమిషాలు ఆలస్యం చేస్తే గిన్నెలోనే గడ్డకడుతుంది. చల్లారాక కోసి, బాగా కాగిన నూనెలో బంగారు రంగు వచ్చేదాకా వేయిస్తారు. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే నీరు వదిలి నూనె చిందుతుంది. వాళ్లు వాడేది తెల్ల శనగల పిండి. మన ఇంటి శనగపిండితో చేస్తే నీళ్లు కొంచెం తగ్గించుకోవాలి. నువ్వుల బన్నులో పెట్టి, నిమ్మరసం పిండుకుని నిలబడే తినేయాలి.

ఆ నిమ్మకాయ దగ్గరే అసలు చరిత్ర ఉంది. పలెర్మో చుట్టూ ఉన్న మైదానం పంతొమ్మిదో శతాబ్దంలో నిమ్మ, నారింజ తోటల బంగారు గని. ఓడల్లో నావికులకు స్కర్వీ రాకుండా నిమ్మ కావాలి, న్యూయార్క్, లండన్ కొంటున్నాయి. నిమ్మచెట్టుకు పెట్టుబడి ఎక్కువ, కాపు రావడానికి ఏళ్లు పడుతుంది, వేసవిలో నీళ్లు ఆగితే చాలు, తోట పోతుంది. అంటే బెదిరించడం చాలా తేలిక. కాపలాదారు, నీళ్లు వదిలేవాడు, దళారి కుమ్మక్కైతే యజమాని ఏమీ చేయలేడు. గస్పారె గలాతి అనే డాక్టరుకు 1872లో మలస్పీనా దగ్గర తోట చేతికొచ్చింది. కాపలాదారు అమ్మకాల్లో ఐదో వంతుకు పైగా నొక్కేస్తున్నాడని తెలిసి తీసేస్తే, కొత్త కాపలాదారును కాల్చారు. డాక్టరు చివరికి కుటుంబంతో నేపుల్స్‌కు పారిపోయి, 1875లో హోం మంత్రికి వివరంగా నివేదిక రాశాడు. మాఫియా పని తీరును లోపలి నుంచి చూపిన తొలి పత్రాల్లో అదొకటి. జనవరి నుంచి మార్చి మధ్య వెళ్తే చాకుల్లి కమలాలు అడగండి. పలచటి తొక్క, ఎక్కువ తీపి, కాలం చివర్లో పండుతాయి. చాకుల్లి పేరు ఇటలీకి గుర్తుండిపోయింది మాత్రం 1963 జూన్ 30న అక్కడ కారు బాంబుకు బలైన ఏడుగురు పోలీసు, సైనికుల వల్ల.

ఇప్పుడు మామూళ్లు. ఇక్కడ పిజ్జో అంటారు. పని తీరు దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. పొద్దున షట్టరు తాళంలో గమ్ము పోసి ఉంటుంది. మధ్యాహ్నం 'స్నేహితుడు' వచ్చి, ఫలానా వాళ్లతో మాట్లాడి సర్దుకోమంటాడు. క్రిస్మస్, ఈస్టర్, ఆగస్టు పండుగలకు వసూలు. తర్వాత కాఫీ గింజలు ఫలానా చోట కొను, మావాణ్ణి పనిలో పెట్టుకో అని మొదలవుతుంది. మొత్తం చిన్నదే కదా అని ఇచ్చేవాడు చివరికి కొట్టు నడిపే హక్కే పోగొట్టుకుంటాడు. దుస్తుల ఫ్యాక్టరీ యజమాని లీబెరో గ్రస్సి 1991 జనవరిలో వసూలుగాళ్లకు పత్రికలో బహిరంగ లేఖ రాసి ఇవ్వనన్నాడు. తోటి పారిశ్రామికవేత్తలు దూరం జరిగారు. ఆగస్టు 29న వియా అల్ఫియెరిలో కాల్చి చంపారు. అక్కడ పాలరాతి ఫలకం ఉండదు. ఏటా ఆ రోజున కుటుంబం చేత్తో రాసిన కాగితాన్ని గోడకు అంటించి, నేల మీద ఎర్ర రంగు పోస్తుంది. చంపింది మాఫియాతో పాటు పారిశ్రామిక సంఘం మౌనం, పార్టీల ఉదాసీనత, ప్రభుత్వం లేకపోవడం అని అందులో రాస్తారు.

2004 జూన్‌లో కొందరు యువకులు రాత్రికి రాత్రి ఊరంతా స్టిక్కర్లు అంటించారు: మామూళ్లు చెల్లించే ప్రజ ఆత్మగౌరవం లేని ప్రజ అని. అలా పుట్టింది అద్దియోపిజ్జో. మామూళ్లు ఇవ్వనని రాసిచ్చిన దుకాణాలను సంఘం వాకబు చేసి జాబితాలో చేరుస్తుంది, కొనుగోలుదారులు వాళ్ల దగ్గరే కొంటామని మాటిస్తారు. అద్దం మీద గుండ్రటి స్టిక్కరు కనిపిస్తుంది. పాత స్టిక్కరు అలాగే వదిలేసినవాళ్లూ ఉండొచ్చు, కాబట్టి బయల్దేరేముందే సంఘం జాబితా ఫోనులో పెట్టుకోండి. వాళ్లే నడిపే నడక యాత్రలూ ఉన్నాయి. 2016లో బల్లారో పక్కనున్న వియా మక్వేదా చుట్టుపక్కల ఎక్కువగా బంగ్లాదేశ్ నుంచి వచ్చిన చిరు దుకాణదార్లు ఈ సంఘం అండతో వసూలుగాళ్ల మీద సాక్ష్యం చెప్పారు, అరెస్టులు జరిగాయి. పరాయి దేశంలో, అంత చిన్న కొట్ల మీద బతుకుతూ ఆ పని చేయడం మామూలు తెగువ కాదు. ఆ వీధిలో ఫోను కవరో, మంచినీళ్ల సీసానో కొంటే వాళ్ల దగ్గరే కొనండి. గాడ్‌ఫాదర్ బొమ్మల టీషర్టులు, తుపాకీ పట్టిన మట్టిబొమ్మలు మాత్రం కొనొద్దు. ఇక్కడ ప్రతి మూడో వీధిలో ఒక స్మారక ఫలకం ఉంది.

సాయంత్రం స్తేరి భవనంలో రెనాతో గుత్తూసో 1974లో గీసిన వుచ్చిరియా బజారు చిత్రం చూడండి. మూడు మీటర్ల చదరంలో వేలాడే ఎద్దు మాంసం, కత్తిచేప తల, గుడ్ల బుట్టలు, వీటి మధ్య ఇరుకు దారిలో ఒకరినొకరు తాకకుండా తప్పుకునే మనుషులు. అసలు వుచ్చిరియా బజారు ఈ రోజు సగానికి పైగా బార్లే.

నాలుగో రోజు: కోర్టు, చెట్టు, ఫొటోలు

ఉచ్చర్దోనె జైలుకు ఆనుకుని ఉన్న బంకర్ కోర్టు హాలు ఇప్పటికీ వాడుకలో ఉంది, చూడాలంటే ముందుగా అనుమతి కావాలి. ఎనిమిది భుజాల హాలు, గోడల వెంట 30 బోనులు. 1986 ఫిబ్రవరి 10న ఇక్కడ 475 మంది మీద మహావిచారణ మొదలై, 1987 డిసెంబరు 16న ముగిసింది. న్యాయమూర్తులు, జ్యూరీ 35 రోజులు గదిలోనే ఉండి తీర్పు రాశారు. 19 మందికి యావజ్జీవం. కేసు నిలబడడానికి రెండు కారణాలు. ఒకటి, అప్రూవరుగా మారిన మాఫియా మనిషి తొమ్మసో బుషెత్తా 1984లో ఫాల్కొనే ముందు సంస్థ నిర్మాణమంతా విప్పి చెప్పడం. రెండోది 1982 చట్టం. మాఫియాలో సభ్యత్వమే నేరమని, అక్రమ ఆస్తి జప్తు చేయొచ్చని అది తొలిసారి చెప్పింది. దాన్ని ప్రతిపాదించిన ఎంపీ పియో లా తొర్రెను ఆ ఏప్రిల్‌లో, పలెర్మోలో ప్రభుత్వ ప్రతినిధి (ప్రిఫెక్ట్) దల్లా కియెజాను సెప్టెంబరు 3న చంపాకే పార్లమెంటు కదిలింది. 1992 జనవరి 30న సుప్రీంకోర్టు శిక్షలను ఖాయం చేసింది. నాలుగు నెలలకు కపాచి.

వియా నొతర్‌బార్తొలోలో ఫాల్కొనే ఇంటి ముందున్న మర్రిజాతి చెట్టుకు జనం ఇప్పటికీ ఉత్తరాలు కడతారు. వియా ద'అమేలియోలో ఒక ఆలివ్ చెట్టు. 1992 జులై 19న తల్లిని చూడడానికి వచ్చిన బొర్సెల్లీనోను, ఐదుగురు అంగరక్షకులను చిన్న ఫియట్ కారులో నింపిన బాంబు ఇక్కడ చంపింది. వాళ్లలో ఎమనువేలా లోయి ఇటలీలో విధి నిర్వహణలో ప్రాణం పోగొట్టుకున్న తొలి మహిళా పోలీసు. బొర్సెల్లీనో ఎర్ర డైరీ ఆ రోజు మాయమైంది, ఇప్పటికీ దొరకలేదు. ఇది జనం కాపురం ఉండే వీధి. గొంతు తగ్గించి మాట్లాడండి.

దారిలో పియాజ్జా క్రిస్పి దగ్గర కారు పార్కింగ్ చూసి ఒక్క క్షణం ఆగాలి. ఎర్నెస్తో బజీలె కట్టిన విల్లా దెలియెల్లా అక్కడుండేది. 1959 నవంబరు చివర్లో రాత్రికి రాత్రి కూల్చారు. సాల్వో లీమా మేయరుగా, వీతో చంచిమీనో పనుల శాఖ పెద్దగా ఉన్న ఆ ఏళ్లలో వేలకొద్దీ కట్టడ పర్మిట్లు గుప్పెడు బినామీల పేర్ల మీద పోయాయి. నిన్న చెప్పిన నిమ్మతోటలు సిమెంటు కింద పడింది అప్పుడే.

సాయంత్రం జీజా సాంస్కృతిక ప్రాంగణంలోని ఫొటోగ్రఫీ కేంద్రానికి వెళ్లండి. లెతీజియా బత్తాల్యా, 1935లో పుట్టి 2022లో పోయిన ఈ ఊరి ఫొటోగ్రాఫర్, 2017లో ప్రారంభించిన కేంద్రం అది. 'లోరా' పత్రికకు రోజుకు ఒకటి రెండు హత్యల చొప్పున ఫొటోలు తీసిన రోజులున్నాయి. శవం కంటే చుట్టూ నిలబడ్డ ముఖాలను చూడండి, భయం ఎక్కడ దాక్కుందో అక్కడ తెలుస్తుంది.

ఐదో రోజు: పియానా, పోర్తెల్లా, కొర్లెయోనె

ఈ రోజు కారు. పలెర్మో నుంచి పియానా దెల్లి అల్బనేజి గంటలోపే. పదిహేనో శతాబ్దం చివర్లో వచ్చిన అల్బేనియన్ల ఊరు, వీధి పేర్లు రెండు భాషల్లో ఉంటాయి. ఇక్కడి కన్నోలో సిసిలీ అంతటా పేరున్నది, సైజు కూడా పెద్దది. గొట్టం మీరు అడిగాకే నింపాలి. అద్దాల పెట్టెలో ముందే నింపి పెట్టినవి కనిపిస్తే పక్క కొట్టుకు పోండి, రికొత్తాలోని తడికి గొట్టం అరగంటలో మెత్తబడుతుంది. మంచి కొట్టువాళ్లు రికొత్తాను రాత్రంతా బట్టలో వేలాడదీసి, పంచదార కలిపి, సన్నటి జల్లెడలో తోస్తారు.

కొద్ది దూరంలో పోర్తెల్లా దెల్లా జినెస్త్రా. 1947 మే 1న కార్మిక దినం జరుపుకుంటున్న రైతు కుటుంబాల మీద సల్వతోరె జూలియానో ముఠా కొండ మీది నుంచి కాల్పులు జరిపింది. 11 మంది పోయారు, పిల్లలూ ఉన్నారు. కొన్ని రోజుల ముందే వామపక్ష కూటమి సిసిలీ ఎన్నికల్లో గెలిచింది, బీడు భూములు పంచాలని అడుగుతోంది. శిల్పి ఎత్తొరె దె కొంచిలియిస్ అక్కడి రాళ్లనే నిలబెట్టి పేర్లు చెక్కాడు. విగ్రహం ఏదీ లేదు. నేల మీద కాల్పుల గీత వెంటే రాళ్లు పోతాయి.

ఈ చుట్టుపక్కల పొలాలు ఒకప్పుడు బ్రూస్కా, రీనా అనే మాఫియా కుటుంబాలవి. 1996 నాటి 109వ చట్టం జప్తు ఆస్తులను సామాజిక ఉపయోగానికి ఇవ్వొచ్చంది. దాని కోసం లీబెరా సంస్థ పది లక్షల సంతకాలు సేకరించింది. 2001లో పుట్టిన ప్లాచిదో రిజ్జొత్తో సహకార సంఘం ఇక్కడ గోధుమ, ద్రాక్ష పండిస్తుంది. లీబెరా తెర్రా పాస్తా, చెంతొపస్సి వైన్ ఇక్కడివే. కష్టాలు చిన్నవి కావు. జప్తుకూ, పొలం చేతికి రావడానికీ మధ్య ఏళ్లు గడిచి తోటలు ఎండుతాయి, భూమి మీద పాత బ్యాంకు అప్పులు బయటపడతాయి, పంట కోతకొచ్చాక నిప్పు పెట్టిన సందర్భాలున్నాయి. సంఘం వాళ్ల భోజనశాలకు ముందే ఫోను చేసి చెబితేనే వండుతారు.

కొర్లెయోనెలో గాడ్‌ఫాదర్ సినిమా జాడలు వెతకొద్దు. మాఫియా, మాఫియా వ్యతిరేక ఉద్యమాల పత్ర కేంద్రం చూడండి. గైడుతోనే లోపలికి పంపుతారు, సమయం ముందుగా తీసుకోవాలి. ఒక గదిలో మహావిచారణ ఫైళ్లు నేల నుంచి కప్పు దాకా ఉంటాయి. ఈ ఊరు మాఫియా పెద్దలు రీనా, ప్రొవెంజానోలను కన్నది నిజమే. రైతు నాయకుడు, మేయరు బెర్నర్దీనో వెర్రోను కూడా కన్నది, 1915లో చంపేశారు. కార్మిక నాయకుడు ప్లాచిదో రిజ్జొత్తోను 1948లో ఎత్తుకుపోయి కొండ బిలంలో పడేశారు. ఎముకలు 2009లో దొరికి, డీఎన్ఏతో గుర్తుపట్టాక 2012 మేలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. 43 ఏళ్లు పరారీలో ఉన్న ప్రొవెంజానో 2006 ఏప్రిల్ 11న ఊరికి దగ్గర్లోనే గొర్రెల కాపరి గుడిసెలో పట్టుబడ్డాడు. ఇంటి నుంచి వెళ్లే ఉతికిన బట్టల మూట వెంట పోలీసులు నడిచారు.

ఈ కొండల్లో పొద్దుటే రికొత్తా తీస్తారు. చీజ్ తీశాక మిగిలిన పాల తేటను మళ్లీ 80, 85 డిగ్రీలకు వేడిచేస్తే తెల్లటి రేకులు పైకి తేలుతాయి. తేలడం మొదలయ్యాక గరిటె పెట్టి తిప్పకూడదు, రేకులు విరిగి ఇసుకలా అవుతాయి. మరిగించినా అంతే. చిల్లుల గరిటెతో తీసి బుట్టల్లో వడకడతారు. వేడివేడి తేటతోపాటు గిన్నెలో పోసి, ఎండురొట్టె నంజుకు తినే అవకాశం దొరికితే వదులుకోవద్దు.

ఆరో రోజు: జిబెల్లీనా, కస్తెల్వెత్రానో, మజారా

1968 జనవరి భూకంపం బెలీచె లోయలో ఊళ్లను నేలమట్టం చేసింది. పాత జిబెల్లీనా శిథిలాల మీద అల్బెర్తో బుర్రి తెల్ల సిమెంటు పరిచాడు. పని 1984లో మొదలై, డబ్బు లేక ఆగి, 2015లో పూర్తయింది. ఎనిమిది హెక్టార్లు, మనిషి భుజమంత ఎత్తు దిమ్మెలు, మధ్యలో పాత వీధుల దారులే నడిచే పగుళ్లు. నీడ ఒక్కచోటా ఉండదు. నీళ్లు, టోపీ తప్పనిసరి, పదిలోపే వెళ్లండి. కొత్త జిబెల్లీనా ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. మేయరు లుదొవీకో కొర్రావో దేశంలోని కళాకారులను పిలిచి కట్టించిన ఊరు, ముఖద్వారంలో కన్సాగ్రా చేసిన 26 మీటర్ల ఉక్కు నక్షత్రం. జనం ఏళ్ల తరబడి రేకుల షెడ్లలో ఉండగా శిల్పాలెందుకన్న కోపం ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ కోపంలో న్యాయం ఉంది. 2026కి ఇటలీ సమకాలీన కళా రాజధానిగా ఎంచుకున్నది కూడా ఈ ఊరినే.

కస్తెల్వెత్రానో మ్యూజియంలో 85 సెంటీమీటర్ల కంచు కుర్రవాడు, సెలినుంతె ఎఫేబో, నిలబడి ఉంటాడు. క్రీ.పూ. ఐదో శతాబ్దపు పని. 1962లో టౌన్‌హాల్ నుంచి ఎత్తుకుపోయారు. వెనక ఉన్నది ఫ్రాంచెస్కో మెస్సీనా దెనారో అని చెబుతారు, తర్వాత ముప్పై ఏళ్లు పరారీలో ఉండి 2023 జనవరి 16న పలెర్మో ఆసుపత్రిలో దొరికిన మత్తెయో తండ్రి. విగ్రహం 1968లో ఫొలీన్యోలో కొనుగోలుదారు వేషంలో వేసిన వలలో దొరికింది. మజారాలోని నాట్యమాడే సాటిర్‌ను (గ్రీకు పురాణాల్లోని అడవి జీవి) కూడా కొట్టేయమని కొడుకు ఆదేశించాడని అప్రూవర్లు చెప్పారు, ఆ పథకం సాగలేదు. 1998లో చేపల వలలో 480 మీటర్ల లోతు నుంచి పైకొచ్చిన కంచు విగ్రహం అది, మజారాలో దాని కోసమే ఒక పాత చర్చిని మ్యూజియంగా మార్చారు. చుట్టూ తిరిగి వీపు వైపు నుంచి చూడాలి, మెలి అక్కడ తెలుస్తుంది. భోజనానికి చేపల పులుసుతో కుస్కుస్, ట్యునీషియా జాలర్ల పేటలో.

ఇంటికి తెచ్చుకోవాల్సింది నొచెల్లారా ఆలివ్‌లు, నూనె. మెరిసే పచ్చటి ఆలివ్‌లు క్షారంలో నానబెట్టి చేదు తీసినవి, తియ్యగా వెన్నలా ఉంటాయి గానీ సీసా తెరిచాక వారం పది రోజులు మించి నిలవవు. ఉప్పునీటిలో నెలలపాటు ఊరినవి గోధుమ రంగుకు తిరిగి కాస్త చేదుగా ఉంటాయి, ప్రయాణానికి ఇవి నయం. నూనె డబ్బా మీద పండించినవారి పేరు, ఊరు, కోత సంవత్సరం మూడూ ఉన్నాయా చూడండి. సీసాలో నింపిన చోటు మాత్రమే రాసి ఉంటే వదిలేయండి. జప్తు భూముల సహకార సంఘాల సరుకు మీద ఆ మాట స్పష్టంగా అచ్చేసి ఉంటుంది. నూనె చెక్‌ఇన్ సామానులో, డబ్బాను రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి పెట్టాలి. రసీదు అడిగి తీసుకోండి.